చనిపోయిందెవరు, గుద్దిందేది? రోడ్డు ప్రమాదాల లెక్కల మీద మీ ప్రశ్నలు

గత సంచికలో కేంద్ర రవాణా శాఖ 2022 నివేదికలోంచి ఒక పట్టిక వేశాం. ఆ ఏడాది దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో టూవీలర్ల మీద ఉన్నవాళ్లు 74,897, నడిచి వెళ్తున్నవాళ్లు 32,825, కార్లూ జీపుల్లాంటి వాటిలో ఉన్నవాళ్లు 21,040, లారీల్లో ఉన్నవాళ్లు 10,584, సైకిళ్ల మీద ఉన్నవాళ్లు 4,836. మిగతావాళ్లు బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు వగైరా. 2023లో మొత్తం మరణాలు 1.72 లక్షలు దాటాయి. ఈ పట్టిక చూసి చాలామంది ఉత్తరాలు రాశారు, కొందరు కోపంగా, కొందరు బాధతో. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

కారు కొనాలా వద్దా అని ఇంట్లో రోజూ వాదనే. నాన్నేమో మీ పట్టిక చూపించి “బైకుల మీదే ఎక్కువమంది పోతున్నారు, కారు కొందాం” అంటారు. అన్నయ్యేమో “దేశంలో నాలుగు బండ్లలో మూడు బైకులే, చావుల్లో మాత్రం వాటి వాటా 44 శాతమే, అంటే బైకే సేఫ్” అంటాడు. ఎవరి మాట కరెక్ట్?
*డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం*

నాన్నగారి నిర్ణయం కరెక్టే, కానీ దానికి ఆయన చూపిస్తున్న ఆధారం సరిపోదు. అన్నయ్య లెక్క మాత్రం తప్పు.

ఆ పట్టిక చెప్పేది చనిపోయినవాళ్లు ఆ సమయంలో దేని మీద ఉన్నారన్నదొక్కటే. దేని మీద వెళ్తే ఎంత ప్రమాదమో తెలియాలంటే ఆ బండి మీద మనుషులు మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగారో కూడా తెలియాలి, ఆ లెక్క మన నివేదికలో లేదు. అన్నయ్య వాడుతున్నది రిజిస్ట్రేషన్ల లెక్క. ఎప్పుడో తుక్కు కింద అమ్మేసిన పాత బండ్లు కూడా రిజిస్టర్లో బతికే ఉంటాయి. పైగా ఊళ్లో పాల కోసం, బడి కోసం తిరిగే స్కూటరు ఏడాదికి తిరిగే దూరం వేరు, నలుగురిని ఎక్కించుకుని హైదరాబాదు, తిరుపతి తిరిగే కారు దూరం వేరు. రెండింటినీ ‘ఒక బండి’ అని లెక్కేసి పోలిస్తే వచ్చే జవాబుకి విలువ లేదు.

తిరిగిన దూరం లెక్కగట్టే దేశాలున్నాయి. అమెరికాలో మైలుకి ఇంత అని చూస్తే మోటార్ సైకిల్ మీద ఉన్నవాళ్లు చనిపోయే అవకాశం, కార్లో ఉన్నవాళ్లతో పోలిస్తే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. అక్కడి బైకులు పెద్దవి, వేగం ఎక్కువ, కాబట్టి అదే అంకె మనకి అతికించలేం. కానీ పల్లం ఎటుందో తెలుస్తుంది. చుట్టూ ఇనుప గూడు లేని బండి మీద పడితే దెబ్బంతా ఒంటి మీదే.

ఇంట్లో ఈ వాదన నడుస్తున్నప్పుడు బస్సు పేరు ఎవరూ ఎత్తినట్టు లేదు. రోజూ కోట్లమందిని మోసే బస్సుల్లో ప్రయాణిస్తూ చనిపోయినవాళ్లు మొత్తం మరణాల్లో మూడు శాతం లోపే. ఖమ్మం నుంచి మీ కాలేజీకి బస్సు ఉంటే, నా ఓటు దానికే.

మా మామయ్యగారు పొలం నుంచి వస్తూ సాయంత్రం ఏడు దాటాక హైవే దాటుతుంటే ఏదో బండి గుద్ది ఆపకుండా వెళ్లిపోయింది. ఎఫ్ఐఆర్లో ‘గుర్తు తెలియని వాహనం’ అని రాశారు. ఆయన మీ పట్టికలో ఎక్కడున్నారు? అసలు ఉన్నారా?
*ఒక గృహిణి, నరసరావుపేట దగ్గర పల్లె*

అమ్మా, ముందు డబ్బు సంగతి చెప్తాను. చాలా కుటుంబాలకి ఇది తెలియక వదిలేసుకుంటున్నాయి. గుద్దిన బండి దొరకకపోయినా పరిహారం వస్తుంది. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తున్నారు. అంతకుముందు మరణానికి ఇచ్చింది 25 వేలే. ప్రమాదం ఏ పరిధిలో జరిగిందో అక్కడి ఆర్డీవో లేదా తహసీల్దార్ దగ్గర దరఖాస్తు ఇవ్వాలి, మంజూరు కలెక్టర్ స్థాయిలో అవుతుంది. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు, బ్యాంకు పాసుబుక్కు దగ్గర పెట్టుకోండి. స్టేషన్లో “బండి దొరికాక చూద్దాం” అని వెనక్కి పంపితే వినొద్దు. తర్వాత బండి దొరికి పెద్ద పరిహారం వస్తే ఈ మొత్తాన్ని అందులో సర్దుతారు, అంతేగానీ ముందు తీసుకున్నందుకు మీ హక్కు పోదు.

ఇక మీరడిగింది. ఉన్నారమ్మా, నివేదికలో ఆయన రెండు చోట్ల కనిపించాలి. ఒకటి పాదచారుల వరుస. రెండోది గుద్ది పారిపోయిన కేసుల వరుస. 2022లో ఈ రెండో వరుసలో 30,486 మంది ఉన్నారు, మొత్తం మరణాల్లో 18 శాతం. అయితే ‘ఉండాలి’ అన్నానే గానీ ఉన్నారని ఖాయంగా చెప్పట్లేదు, గమనించండి. ఇక్కడే మన లెక్కల్లో పెద్ద లొసుగుంది.

2014 నివేదికలో దేశం మొత్తం మీద చనిపోయిన పాదచారులు 12,330 మంది. 2018కి 22,656. 2022కి 32,825. ఎనిమిదేళ్లలో నడిచేవాళ్ల చావులు రెండున్నర రెట్లు దాటాయి, మొత్తం మరణాలు మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు. జనం ఉన్నట్టుండి కార్లు వదిలేసి నడవడం మొదలుపెట్టలేదు కదా! కొంత నిజంగానే పెరిగి ఉండొచ్చు, కానీ ఈ పెరుగుదలలో పెద్ద భాగం ఇంతకుముందు కనపడకుండా పోయినవాళ్లు ఇప్పుడు లెక్కలోకి రావడమేనని నా నమ్మకం. ఐఐటీ ఢిల్లీలో రోడ్డు భద్రత మీద దశాబ్దాల పాటు పనిచేసిన దినేశ్ మోహన్, గీతం తివారీ బృందం ఈ సంగతి ఎప్పటినుంచో చెబుతూ వచ్చింది. అధికారిక పట్టికల్లో పాదచారుల వాటా పది శాతం దగ్గర ఉన్న రోజుల్లోనే వాళ్లు స్టేషన్లలో ఎఫ్ఐఆర్లు తీసి ఒక్కోటీ చదివారు. పాదచారుల వాటా దాదాపు మూడో వంతు ఉంటుందని తేల్చారు.

ఎక్కడ జారిపోతున్నారంటే, స్టేషన్ రికార్డు నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి అంకెలు ఎక్కించే చోట. ఎఫ్ఐఆర్లో “ఫలానా లారీ, ఫలానా డ్రైవరు, నిర్లక్ష్యంగా నడిపి” అని బండి చుట్టూ కథ రాస్తారు, ఎందుకంటే కేసు పెట్టాల్సింది ఆ డ్రైవరు మీద. చనిపోయిన మనిషి నడుస్తున్నాడా, రోడ్డు పక్కన నిలబడ్డాడా, సైకిలు తోసుకుంటూ వెళ్తున్నాడా అన్నది మధ్యలో ఒక వాక్యంలో ఉంటుంది. పట్టిక నింపే మనిషి ఆ వాక్యం దాకా చదవకుండా కాలమ్‌లో ‘లారీ’ అని వేసేస్తే, చనిపోయిన పాదచారి లారీ ఖాతాలోకి వెళ్లిపోతాడు. పంక్చరైన బైకుని పక్కకి ఆపి దాని దగ్గర కూర్చున్నవాడిని వెనక నుంచి గుద్దితే అతను టూవీలర్ వాడా, పాదచారా? అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం పాదచారే, సైకిలో మోపెడో తోసుకుంటూ వెళ్తున్నవాళ్లు కూడా పాదచారులే. మన దగ్గర అది రాసే కానిస్టేబుల్ ఓపికని బట్టి ఉంటోంది.

అందుకే నాకు ‘చనిపోయిందెవరు’ అనే ఒక్క కాలమ్ ఎప్పుడూ చాలదు. దాని పక్కన ‘గుద్దిందేది’ అనే కాలమ్ ఉండాలి. ఇప్పుడు కేంద్ర నివేదికలో ఈ రెండూ కలిపిన పట్టిక వేస్తున్నారు, మంచి మార్పు. కానీ పేపర్లలో దాని గురించి ఎవరూ రాయరు. అది చూస్తే తెలుస్తుంది, నడిచేవాళ్ల ప్రాణాలు తీస్తున్నవి లారీలూ కార్లే కాదు, బైకులు గుద్ది చనిపోయిన పాదచారులు కూడా ఏటా వేలల్లో ఉన్నారని.

మామయ్యగారి కేసులో ఎఫ్ఐఆర్ నకలు ఎలాగూ తీసుకుంటారు కాబట్టి, ఆయన నడిచి రోడ్డు దాటుతున్నారన్న మాట అందులో స్పష్టంగా ఉందో లేదో చూడండి. లేకపోతే చూసినవాళ్ల వాంగ్మూలంలో అయినా రాయించండి.

కేరళలో 2022లో 43,910 ప్రమాదాలట, ఆంధ్రప్రదేశ్‌లో 21,249. మనకంటే రెట్టింపు! అక్షరాస్యత ఎక్కువైతే ఏం లాభం, డ్రైవింగ్ రాకపోతే? మా అల్లుడు కొచ్చిలో ఉంటాడు, టెన్షన్‌గా ఉంది.
*రిటైర్డ్ ఉద్యోగి, నెల్లూరు*

పక్క కాలమ్ కూడా చదవండి సార్. కేరళలో ఆ 43,910 ప్రమాదాల్లో చనిపోయింది 4,317 మంది. మన ఏపీలో 21,249 ప్రమాదాల్లో 8,293 మంది. తెలంగాణలో 21,619 ప్రమాదాల్లో 7,559 మంది. అంటే కేరళలో పది ప్రమాదాలకి ఒక ప్రాణం పోతే, మన దగ్గర పదికి దాదాపు నలుగురు.

అక్కడ చిన్న గీత పడినా, కాలు బెణికినా ఇన్సూరెన్స్ కోసం కేసు నమోదు చేయించుకునే అలవాటుంది. మన దగ్గర అలాంటివి రోడ్డు మీదే పెద్దమనుషులు నిలబడి తెంపేస్తారు, “ఐదువేలు ఇచ్చి పో” అని. అవేవీ లెక్కలోకి రావు. అందుకని రాష్ట్రాల మధ్య ప్రమాదాల సంఖ్యని పోల్చడం దండగ. పోల్చదలిస్తే మరణాలు పోల్చాలి, శవాన్ని దాచడం కష్టం కాబట్టి ఆ అంకె కొంత గట్టిది. జనాభాతో భాగిస్తే లక్షమందికి కేరళలో సుమారు 12 మంది, ఏపీలో 15–16 మంది, తెలంగాణలో 20 మంది దాకా తేలతారు. అల్లుడు గురించి బెంగ వద్దు, ఆయన నెల్లూరు వచ్చినప్పుడు హైవే మీద జాగ్రత్తగా నడపమనండి.

ఓవర్ స్పీడ్ వల్లే 71 శాతం మరణాలని నివేదికే చెప్తోంది. ఇంకా రోడ్లు బాలేవు, లైట్లు లేవు అని ప్రభుత్వాన్ని తిట్టడం దేనికి? తప్పంతా డ్రైవర్లదే కదా.
*సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్, హైదరాబాద్*

ఆ 71 శాతం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. ప్రమాదం జరిగిన చోట స్పీడ్ కొలిచే యంత్రం లేదు. గంట తర్వాతో మర్నాడో వచ్చిన దర్యాప్తు అధికారి ఫారంలో కారణం దగ్గర ఒక గడి నింపాలి. ఆయన పని డ్రైవరు మీద కేసు కట్టడం. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, ఇంతకుముందు ఐపీసీ 304ఏ. ఆ కేసు నిలబడాలంటే ‘అతివేగం, అజాగ్రత్త’ అని రాయాలి, ప్రతి ఎఫ్ఐఆర్లో ఆ మాటలు కలిసే వస్తాయి. డివైడర్ మధ్యలో ఊరివాళ్లు దాటడానికి పగలగొట్టిన ఖాళీ ఉందని, అక్కడ వీధిదీపం నెలల తరబడి వెలగట్లేదని రాస్తే ఆ కేసుకి అదనంగా వచ్చేదేమీ లేదు, పైగా ఇంకో శాఖతో తలనొప్పి. కాబట్టి రాయరు. ఆ గడి చూసి మనం దేశం మొత్తానికి కారణం తేలిపోయిందనుకుంటున్నాం.

అలాగని వేగం ప్రమాదం కాదని నేను ఛస్తే అనను. కారు ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే అవకాశం, గంటకి 50 కిలోమీటర్ల దగ్గర ఉన్నదానికంటే 65 దగ్గర నాలుగున్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పదిహేను కిలోమీటర్ల తేడా అంతే! మనకి ఆ తేడా స్టీరింగ్ దగ్గర కూర్చుంటే తెలియను కూడా తెలియదు. కానీ వేగాన్ని నిర్ణయించేది డ్రైవరు బుద్ధి ఒక్కటే కాదు. ఊరి మధ్యలోంచి ఆరు వరుసల రోడ్డు నున్నగా, తిన్నగా వేసి, పక్కన 40 అని చిన్న బోర్డు పెడితే ఎవరూ 40లో వెళ్లరు. మీరూ వెళ్లరు. ఎత్తైన జీబ్రా క్రాసింగ్, మధ్యలో ఆగడానికి గట్టు, ఊరి మొదట్లో రోడ్డు సన్నబడటం, ఇవి ఉన్నచోట డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్తుంది. రోడ్డు లోపం వల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరుకి, ఇంజినీరింగ్ అధికారులకి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఏ సెక్షన్ చేర్చారు. మీరు పేపర్లో అలా జరిమానా పడిందన్న వార్త చదివారా? కారణం గడిలో రోడ్డు పేరే రాయనప్పుడు ఆ సెక్షన్ ఎవరి మీద వాడతారు?

2022లో హెల్మెట్ లేక 50,029 మంది చనిపోయారని రాశారు. అందరూ పెట్టుకుని ఉంటే అందరూ బతికేవారా? మావారు పెట్టుకుంటారు, వెనక కూర్చునే నాకూ అత్తయ్యకీ లేదు. చీరలో ఒక పక్కకి కూర్చునేవాళ్లకి అది దేనికంటారు అత్తయ్య.
*టీచర్, హనుమకొండ*

అందరూ బతికేవారు కాదు. నివేదికలో ఉన్నది ‘హెల్మెట్ లేని స్థితిలో చనిపోయారు’ అని, ‘లేకపోవడం వల్లే చనిపోయారు’ అని కాదు. లారీ చక్రం నడుం మీదుగా వెళ్తే తలకి ఏం పెట్టుకున్నా ఒకటే. అనేక దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చింది, హెల్మెట్ చావు ముప్పుని 42 శాతం, తల గాయం ముప్పుని 69 శాతం తగ్గిస్తుందని. ఆ లెక్కన మోటుగా చూసుకున్నా ఆ యాభై వేలమందిలో ఇరవై వేలమంది దాకా ఇవాళ ఇంట్లో ఉండేవాళ్లు.

అత్తయ్యగారికి ఈ ముక్క చదివి వినిపించండి. ఆ 50,029లో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. ఒక పక్కకి కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఒక్క చెయ్యే, రెండో చేతిలో సంచో పిల్లో. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరితే వెనక్కి పడేది ఆమె, ముందు నేలకి తగిలేది తల వెనక భాగం. నడిపేవాడికి కనీసం పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంది, పడబోతున్నామని ముందే తెలుస్తుంది, ఆమెకి ఆ రెండూ లేవు. చట్టం కూడా వెనక కూర్చున్నవాళ్లకి, నాలుగేళ్లు దాటిన పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి అంటోంది. రోడ్డు పక్క మూడొందలకి దొరికే ప్లాస్టిక్ టోపీ వద్దు, ఐఎస్ఐ మార్కు చూడండి, గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ వేయని హెల్మెట్ మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది.

మిరపకాయ కోతలకి ఆటోల్లో, ట్రాలీల్లో పదిహేనుమంది ఆడవాళ్లు కూలికి వెళ్తారు. అవి బోల్తాపడి చనిపోతుంటారు. ఆ లెక్క ఎక్కడుంది?
*అంగన్‌వాడీ కార్యకర్త, గుంటూరు జిల్లా*

ఎక్కడా లేదు. వాళ్లు ఏ బండిలో ఉంటే ఆ బండి వరుసలో కలిసిపోతారు, ఆటో అయితే ఆటో కింద, ట్రాక్టర్ అయితే ట్రాక్టర్ కింద. 2022లో ఆటోల వాటా 4 శాతం లోపే అని చూసి ఇది చిన్న సమస్య అనుకునే అధికారులున్నారు. చనిపోయినవాళ్లు కూలికి వెళ్తున్నారా, షికారుకి వెళ్తున్నారా అని పట్టికలో అడిగే కాలమే లేదు. ఆత్మహత్యల లెక్కల్లో జాతీయ నేర నమోదు సంస్థ వృత్తుల వారీగా ఇస్తుంది, రైతులు ఎంతమంది, రోజుకూలీలు ఎంతమంది అని. రోడ్డు మరణాలకి అది లేదు. ఆ ఒక్క కాలమ్ చేర్చితే కోతల సీజన్లో ఏ మండలాలకి పొద్దున్నే బస్సు నడపాలో ఆర్టీసీకి లెక్క దొరుకుతుంది. మీ రిజిస్టర్లో పిల్లల తల్లుల వివరాలు ఎలాగూ రాస్తారు కదా, మీ పరిధిలో జరిగినవి తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టండి. రేపు కలెక్టర్ దగ్గర అడగడానికి అదే ఆధారం.

అమెరికాలో మా అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. సాయంత్రం ఇద్దరూ వాకింగ్‌కి వెళ్తారు. ఇక్కడ రోడ్లు బాగుంటాయి కదా, భయం లేదుగా?
*డాలస్ నుంచి ఒక పాఠకుడు*

రోడ్లు బాగుండటం వేరు, నడిచేవాళ్లకి బాగుండటం వేరు. 2009లో అమెరికాలో వాహనాలు గుద్ది చనిపోయిన పాదచారులు 4,109 మంది, 2022లో 7,522. నాలుగింట మూడు వంతులు చీకట్లో జరిగినవే. పెద్ద పెద్ద ఎస్‌యూవీలు, పికప్‌లు పెరగడం, ఊరి బయటి వెడల్పు రోడ్ల మీద ఫుట్‌పాత్ లేకపోవడం కారణాల్లో కొన్నిగా చెబుతున్నారు.

అమ్మానాన్నలకి రెండు విషయాలు చెప్పండి. ఇండియాలో అరవై ఏళ్లుగా రోడ్డు దాటేముందు కుడివైపు చూడటం వాళ్ల ఒంటికి అలవాటు. అక్కడ దగ్గర వరుసలో బండి వచ్చేది ఎడమ నుంచి. రెండోది, ఎర్రలైటు ఉన్నా కుడివైపు తిరగడానికి అక్కడ డ్రైవర్లకి చాలాచోట్ల అనుమతి ఉంది. ఆ డ్రైవరు ఎడమవైపు నుంచి బండ్లు వస్తున్నాయా అని చూస్తూ తిప్పుతాడు, కుడివైపు నుంచి అడుగు వేసే మీ నాన్నగారిని చూడడు. అతని కళ్లు తమ మీద పడ్డాయని చూసుకున్నాకే అడుగు వేయమనండి. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా ఎడమ పక్కన నడవాలి. లేతరంగు బట్టలు, చేతిలో చిన్న టార్చ్.

మీకు ఇంకో సౌకర్యం ఉంది, మాకు లేనిది. అక్కడి ప్రభుత్వం 1975 నుంచి ప్రతి రోడ్డు మరణాన్నీ ఒక్కో వరుసగా, వ్యక్తి పేరు లేకుండా, అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఏ రోడ్డు, ఏ గంట, వెలుతురు ఎలా ఉంది, చనిపోయింది ఎవరు, గుద్దింది ఏ బండి, అన్నీ. మీ ఇంటి చుట్టూ ఉన్న రోడ్లలో ఎక్కడ పాదచారులు చనిపోయారో అరగంటలో చూసుకోవచ్చు. చూడండి.

మా మండలం లెక్క మాకు కావాలి. ఎలా?
*యువజన సంఘం సభ్యుడు, అనంతపురం జిల్లా*

ఈ ఉత్తరం చూసి చాలా సంతోషం వేసింది తమ్ముడూ. ఇప్పుడు పోలీసులు ప్రమాద స్థలంలోనే ఫోన్లో వివరాలు ఎక్కించే ఐరాడ్ అనే వ్యవస్థ ఉంది, ఐఐటీ మద్రాసు వాళ్లు, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ విభాగం ఎన్ఐసీ వాళ్లు కలిసి చేసింది. అంటే లెక్క ఉంది, స్థలంతో సహా ఉంది. జనానికి తెరవలేదు, అంతే. ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులు తమ నగరానికి విడిగా వార్షిక నివేదిక వేస్తారు, ఏ రోడ్డు, ఏ కూడలి, ఏ గంట అని. అక్కడ చనిపోయేవాళ్లలో 40 శాతానికి పైగా నడిచేవాళ్లేనని అందరికీ తెలిసింది అందుకే.

మీరు జిల్లా ఎస్పీ కార్యాలయంలో పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ‘ప్రమాదాల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఒక మొత్తం అంకె ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఇలా అడగండి: గత మూడేళ్లలో మీ స్టేషన్ పరిధిలో ప్రతి మరణానికీ విడివిడిగా తేదీ, సమయం, రోడ్డు పేరు, కిలోమీటరు రాయి, చనిపోయిన మనిషి దేని మీద ఉన్నారు లేదా నడుస్తున్నారా, గుద్దిన వాహనం ఏది, అక్కడ వీధిదీపం ఉందా. పేర్లు అడగొద్దు, వ్యక్తిగత వివరాలని చెప్పి మొత్తం దరఖాస్తే తిప్పికొట్టే అవకాశం ఇవ్వొద్దు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆ జవాబుని ఎఫ్ఐఆర్లతో పోల్చి చూసుకోండి. చనిపోయిన పాదచారులు బండి ఖాతాలోకి వెళ్లారేమో అక్కడే బయటపడుతుంది.

ఒక చిక్కు ముందే చెప్తాను. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణమో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు 5 జరిగితే, లేదా 10 మంది చనిపోతేనే దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు, అప్పుడే మరమ్మతుకి డబ్బులొస్తాయి. కార్లు, బస్సులు గుద్దుకునే మలుపులు దీనికి తేలిగ్గా అందుతాయి. నడిచేవాళ్లు అలా కాదు, ఊరి పొడుగునా ఇక్కడొకరు, అక్కడొకరు పోతారు, బడి దగ్గర ఒకరు, పాలకేంద్రం దగ్గర ఒకరు. ఏ ముక్కా అంకెని అందుకోదు. కాబట్టి మీరు బ్లాక్ స్పాట్ అడగకుండా, మీ ఊళ్లోంచి పోయే రోడ్డు మొత్తం పొడుగుకి లెక్క తీసి, కలెక్టర్ ఆధ్వర్యంలో నడిచే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఇవ్వండి. మీటింగు ఎప్పుడో కనుక్కుని ముందు వారమే ఇవ్వాలి, ఎజెండాలో పడాలంటే.

ప్రమాదానికి ఉచిత వైద్యం అంటున్నారు, బండి ఉన్నవాళ్లకేనా? నేను రోజూ నడిచే మనిషిని.
*కూరగాయల వ్యాపారి, తాడేపల్లిగూడెం*

మీకూ వర్తిస్తుంది. 2025 మే నెలలో నోటిఫై చేసిన పథకం ప్రకారం మోటారు వాహనం వల్ల ప్రమాదానికి గురైన ఎవరికైనా ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం చేయాలి, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో. మీకు బండి, లైసెన్సు, ఇన్సూరెన్స్ ఏవీ ఉండక్కర్లేదు. ఎవరైనా పడిపోతే 112కి ఫోన్ చేసి, దగ్గర్లో పథకంలో ఉన్న ఆసుపత్రి ఏదో అడగండి. చేర్చినవాళ్లని ఆసుపత్రివాళ్లు గానీ పోలీసులు గానీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదని మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ కింద చేసిన నిబంధనల్లోనే ఉంది.